జోడుమదుముల దగ్గర రెండో అడ్డు

మొదట్లో కామేష్ చేతిలో ఉన్నవి మూడు. బాకీ తీరిన ఆరుచక్రాల లారీ ఒకటి. దాన్ని పదకొండేళ్లుగా ఘాట్ మీద గీత పడకుండా తిప్పుతున్న మోసెస్ అనే డ్రైవరు ఒకడు. కామేష్ కాటా మీద తూకం తప్పదని అరకు శుక్రవారం సంతలో నిలిచిన మాట ఒకటి. లారీకి బీమా ఉంది. మాటకి తనే పూచీ. మోసెస్ మాత్రం ఏ కాగితంలోనూ లేడు. పోతే మళ్లీ దొరకనిది ఆ మూడింట్లో మోసెస్ ఒక్కడేనని కామేష్‌కి చాలాకాలం తట్టలేదు.

వ్యాపారం ఇలా నడిచేది. చింతపండు, పనస, అనాస, ఏ కాలపు సరుకు ఆ కాలంలో శుక్రవారం సంతలో కొని లారీకి ఎక్కిస్తాడు. శనివారం తెల్లారాక లారీ ఘాట్ దిగి శృంగవరపుకోట చేరుతుంది. కామేష్ అంతకు ముందే బస్సులో దిగిపోయి బేరం కుదిర్చి ఉంచుతాడు. లారీ రాగానే సరుకు దిగిపోవాలి. లోడుతో బండి నిలబడితే సరుకు తరుగుతుందన్నది తండ్రి అప్పారావు నేర్పిన మొదటి పాఠం. ముందు సరుకు దింపు, తరవాత మంచినీళ్లు తాగు అనేవాడాయన. కామేష్ ఆ మాట ఇంతవరకూ తప్పలేదు.

ఏప్రిల్‌లో ఇటుకల పండగ వచ్చింది. ఆ రోజుల్లో కొండ ఊళ్లలో మగవాళ్లు వేటకి పోతే, ఆడవాళ్లు ఊరి మొగలో రోడ్డుకి అడ్డంగా పసుపు రాసిన వెదురు పట్టుకుని పాడుతూ నిలబడతారు. వచ్చిన బండి ఆగాలి. చేతిలో ఏదో ఒకటి పెట్టాలి. అప్పుడు వెదురు ఎత్తి దారిస్తారు. పదో పరకో, ఇచ్చినవాడికి బరువు కాదు. ఆ శనివారం బస్సులు సరిగ్గా తిరగక కామేష్ కూడా లారీలోనే దిగాడు. దూసరిగుడ మొగలో వెదురు చూసి మోసెస్ బండి ఆపాడు. యర్రమ్మ అనే ముసలామె ముందుకొచ్చి చెయ్యి చాపింది. కామేష్ పది రూపాయలు పెడితే ఆమె నోటుని ఎండకి పట్టి చూసి, సావుకారి సొమ్ము కదా, కాటా ఎక్కించి తీసుకోవాలి అంది. ఆడవాళ్లంతా నవ్వారు. వెదురు లేచింది.

అక్కణ్ణించి కిలోమీటరు దిగితే జోడుమదుముల మలుపు. పక్కపక్కనే ఉన్న రెండు తూముల మీద రోడ్డు కుంగిపోయి ఉంటుంది. ఆ పల్లంలోనే ఎడమకి వంకీ తిరగాలి. కుడిపక్కన లోయ. ఆ పొద్దుట పైనంతా ఎండ కాస్తున్నా మలుపులో మాత్రం మంచు కూచుని ఉంది. మంచులో ఇంకో వెదురు అడ్డంగా కనబడింది. వెనకాల నలుగురో అయిదుగురో ఆడవాళ్లు. పాట ఉంది, నవ్వు లేదు. ఎవరూ చెయ్యి చాపలేదు.

కామేష్‌కి ఒళ్లు మండింది. ఒకే ఊరివాళ్లు రెండు చోట్ల వసూలు మొదలెట్టారనుకున్నాడు. ఒక సంతకి రెండుసార్లు ఆశీలు పన్ను కట్టినవాడు వ్యాపారం చేసినట్టే.

"ఇచ్చేశాం కదా. పోనీ," అన్నాడు.

మోసెస్ ఒకసారి అతని మొహంలోకి చూశాడు. యజమాని మాట. బండిని కొండవైపు ఒరిగిస్తూ మెల్లిగా పోనిచ్చాడు. బండి కింద ఎక్కడో వెదురు ఫట్టుమంది. కామేష్ పక్క అద్దంలోకి చూస్తే వెనక మంచు తప్ప ఏమీ లేదు. పాట మాత్రం కింద రెండు మలుపులు దాటేదాకా వినబడుతూనే ఉంది.

మే నెల రెండో శనివారం, పండగ తరవాత మొదటిసారి నిండు లోడు చింతపండుతో దిగుతుంటే జోడుమదుముల దగ్గర స్టీరింగ్ బిగిసిపోయింది. కామేష్ ఎప్పటిలా బస్సులో ముందే దిగిపోయాడు, మోసెస్ ఒక్కడే ఉన్నాడు. పవర్ స్టీరింగ్ బండికి స్టీరింగ్ బరువెక్కడమంటే నిండు బియ్యం బస్తాని మణికట్టుతో తిప్పడమే. మోసెస్ లేచి నిలబడి, రెండు చేతులూ వేసి, బ్రేకు తొక్కిపట్టి లాగాడు. కుడి చక్రం రోడ్డంచు రాయిని రాసుకుంటూ తిరిగింది. రెండు ఊపిర్లు పీల్చేంతసేపే. మలుపు దాటగానే స్టీరింగ్ ఏమీ ఎరగనట్టు తేలికైపోయింది.

శృంగవరపుకోటలో సరుకు దించాక లారీని కృష్ణమూర్తి మేస్త్రి షెడ్డుకి తీసుకెళ్లారు. ఆయన ఆయిల్ డబ్బా మూత తీసి చూశాడు, బెల్టు నొక్కి చూశాడు, పైపుల కింద తడి ఉందేమోనని గుడ్డతో తుడిచి చూశాడు. ఇంజను వేసి స్టీరింగ్‌ని చూపుడువేలితో అటూ ఇటూ తిప్పి, ఇంతకంటే తేలిగ్గా ఎలా తిరగాలయ్యా అన్నాడు. అయినా ఆయిల్, ఫిల్టరు మార్చాడు. రెండు వారాలకి మళ్లీ బిగిసింది. బెల్టు మార్చాడు. ఇంకో వారానికి మళ్లీ. ఈసారి పంపు విప్పి లోపలి సామానంతా కొత్తది వేశాడు. ప్రతిసారీ షెడ్డులో వేలితో తిరిగేది. ప్రతిసారీ అదే మలుపులో బిగిసేది.

ఆ మూడోసారి తరవాత మోసెస్ భార్య జాయ్స్ కామేష్ ఇంటికి వచ్చింది. మిషన్ బళ్లో చిన్నపిల్లలకి చదువు చెబుతుంది. కుర్చీ చూపిస్తే కూచోలేదు.

"బాగుచేయించానన్నారు, మూడుసార్లు. నమ్మాను, మూడుసార్లు," అంది. "మీకు ఇంకో లారీ వస్తాది బాబూ. నాకు ఇంకో మోసెస్ రాడు. బాగయిందని మీకు నమ్మకముంటే ఆయన పక్కన మీరూ ఎక్కండి."

కామేష్ జీవితంలో ఎన్నో బేరాలు చూశాడు కానీ, ఇలా సూటిగా కాటా ముల్లుని మధ్యకి తెచ్చి నిలబెట్టినవాళ్లు తక్కువ. కారణం దొరికేదాకా తను లేకుండా లోడు బండి ఘాట్ దిగదని మాటిచ్చాడు. దొరికిన రోజు తనే ఆమె ఎదురుగా నిలబడి చెబుతానని కూడా అన్నాడు. అన్నాక, ఆ రెండో మాట అనకుండా ఉండాల్సిందేమో అనిపించింది.

ఆ వారం నుంచి బస్సు మానేసి లారీ ఎక్కాడు. జేబులో చిన్న పుస్తకం పెట్టుకున్నాడు. మెకానిక్కు చెవితో రోగం పట్టేస్తాడు, వ్యాపారి రాసుకుని పట్టేస్తాడు. ఏ శనివారం, ఏ సరుకు, ఎంత లోడు, వాన ఉందా లేదా, ఎక్కడ బిగిసింది, ఎంతసేపు. మోసెస్‌ని అడిగి మొదటి మూడుసార్లవీ ఎక్కించాడు.

నాలుగోది తన కళ్లెదుటే జరిగింది. జోడుమదుములకి దిగుతుండగా ముందు ఒక సన్నటి మూలుగు లేచింది. అది సాగి సాగి రాగమైంది. చాలామంది గొంతులు ఒక్క గొంతుగా కలిసి పాడుతున్నట్టు. ఆ వెంటనే మోసెస్ చేతుల మీద నరాలు తాళ్లలా ఉబ్బాయి. కామేష్ కూడా ఒక చెయ్యి వేశాడు. చక్రం కింద నుంచి ఎవరో అంతే బలంగా పట్టుకుని ఉన్నట్టుంది. లాగడం లేదు, తొయ్యడం లేదు, పట్టుకుని ఉన్నారంతే. మలుపు దాటాక వదిలేశారు.

పాటలాంటిది మొదటిసారి నుంచీ వినబడుతోందా అని కామేష్ అడిగాడు. వినబడుతోందన్నాడు మోసెస్. మరి ఇన్నాళ్లూ చెప్పలేదేమని అడిగితే, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా చెప్పాడు.

"నాను ప్రభువుని నమ్ముకున్నోణ్ని బాబూ, ఇలాటియ్యి నమ్మను. బండికి మాత్రం ఇంకా బాప్తిస్మం అవలేదు కదా."

కామేష్ నవ్వాడు. పుస్తకం తీసి పాట సంగతి కూడా రాసుకున్నాడు.

అయిదోసారి పనసకాయల లోడు. స్టీరింగ్ బిగియగానే అక్కడే బ్రేకు వేసి ఇంజను ఆపెయ్యమన్నాడు. మోసెస్ ఆపాడు. ఇంజను మోత చచ్చిపోయింది. పాట చావలేదు. పట్టుమని పది అంకెలు లెక్కపెట్టేంతసేపు, మంచులోంచి, బండికి ముందు కాదు, వెనకా కాదు, చుట్టూ వినబడింది. తరవాత తూముల్లో నీళ్ల చప్పుడు ఒక్కటే మిగిలింది. కామేష్ పుస్తకంలో రాశాడు. ఇంజను ఆపినా పాట ఆగలేదు. పక్కన 'గాలి' అని రాసి, ఆ రోజు గాలి లేదని గుర్తొచ్చి కొట్టేశాడు.

జూలై మూడోవారానికి పదకొండు శనివారాలు అయ్యాయి. బిగిసింది ఆరుసార్లు. సంత పల్చగా ఉండి సగం లోడుతో దిగిన అయిదు వారాల్లో ఒక్కసారీ బిగియలేదు. నిండు లోడుతో దిగిన ఆరు వారాల్లో ఒక్కసారీ తప్పలేదు. వానకీ దీనికీ సంబంధం లేదు, సరుకుకీ లేదు, ఉన్నది బరువుకే. ఇంత తేలిక లెక్క ఇన్నాళ్లు ఎందుకు దొరకలేదా అని పుస్తకం మూశాక వెలిగింది. మేస్త్రి దగ్గరికి లారీ వెళ్లిన ప్రతిసారీ ఖాళీగా వెళ్లింది. ముందు సరుకు దింపు. నాన్న నేర్పిన పాఠమే రోగాన్ని దించేసి, బాగున్న బండిని డాక్టరుకి చూపించింది.

కృష్ణమూర్తికి ఫోన్ చేసి లెక్క చదివి వినిపించాడు.

"లోడుతో తీసుకురా సావుకారూ," అన్నాడాయన. "ఖాళీ బండి నాతో అబద్ధం చెబుతోంది."

పన్నెండో శనివారం నిండా అనాసలు. వానాకాలపు అనాస పొద్దున పండితే సాయంత్రానికి కారుతుంది. మలుపులో ఏడోసారి బిగిసింది, ఇద్దరూ కలిసి తిప్పారు. కోటలో కొనేవాడు ఎదురుచూస్తుంటే అతన్ని దాటి, లోడు బండిని తిన్నగా షెడ్డులోకి పెట్టించాడు. వ్యాపారంలోకి వచ్చాక సరుకు దించకుండా మంచినీళ్లు తాగడం అదే మొదలు.

మలుపులో రోడ్డు ఎలా ఉంటుందని మేస్త్రి గుచ్చి గుచ్చి అడిగాడు. కుంగిన సంగతి విని, ఎడమ ముందుచక్రం కింద చెక్కదిమ్మ పెట్టించి, బండి ఒళ్లు మెలితిరిగేట్టు నిలబెట్టాడు. ఇంజను వేసి స్టీరింగ్ ఎడమకి తిప్పమన్నాడు. షెడ్డులో, పట్టపగలు, ఆ మూలుగు లేచింది. మోసెస్ చేతుల కింద స్టీరింగ్ రాయైపోయింది.

మేస్త్రి కింద దూరి టార్చి వేశాడు. ఆయిల్ డబ్బా నుంచి పంపుకి నూనె తెచ్చే రబ్బరు పైపుకీ, చాసిస్ దూలానికీ మధ్య జానెడు వెదురు చీలిక మేకులా దిగబడి ఉంది. కింది కొస చక్రం మీది స్ప్రింగుపట్టీల కమానుకట్ట మీద ఆని ఉంది. నిండు బరువుకి కమాను అణిగి, మలుపులో చాసిస్ మెలిపడితే చీలిక పైకి జరిగి పైపుని నొక్కేస్తుంది. నూనె అందని పంపు మూలుగుతుంది, స్టీరింగ్ చస్తుంది. బండి చదునుకి రాగానే పైపు మళ్లీ ఉబ్బుతుంది. ఖాళీ బండిలో అయితే అది ఊరికే పడి ఉండే పుల్ల. కృష్ణమూర్తి బయటికొచ్చి, మూడునెలల అవమానం తీరినట్టు చేతులు దులుపుకున్నాడు. పాటా లేదు, దెయ్యమూ లేదు, పంపు ఆకలేసి ఏడ్చిందంతే అన్నాడు.

చీలికని చెత్తలోకి విసరబోతే కామేష్ అందుకున్నాడు. పచ్చగా ఉంది. మే ఎండా, ఇంజను సెగా తిన్న వెదురు, ఏప్రిల్‌లో విరిగిన వెదురు, పొద్దున్నే నరికినట్టు పచ్చగా, చల్లగా ఉంది. వేళ్లు వెనక్కి తీసుకుంటే వాటికి తడి పసుపు అంటుకుంది. లుంగీకి తుడుచుకున్నాడు. చీలికని పేపర్లో చుట్టి సీటు కింద పెట్టాడు.

కొత్త పైపు వేయించి, మెత్తబడ్డ అనాసల్ని వచ్చిన ధరకి తెగనమ్మి, ఖాళీ బండితో పైకొచ్చారు. మోసెస్ ఇంటి ముందు జాయ్స్ నిలబడి ఉంది. ముందు మోసెస్‌ని, తరవాత కామేష్‌ని చూసిందంతే.

దొరికిందమ్మా అనడానికి కామేష్ నోరు తెరిచాడు. అంటే అయిపోతుంది. వచ్చే శనివారం నుంచి హాయిగా బస్సెక్కి కూచోవచ్చు. మేస్త్రి లెక్క ఎక్కడా తప్పు లేదు కూడా. కానీ జేబులో పుస్తకం ఉంది. ఆకలేసిన పంపు ఏడుపు ఇంజనుతోనే ఆగాలి. అయిదోసారి పాట ఆగలేదు. అది లెక్కలో కలపకుండా మొత్తం వేస్తే దొంగ మొత్తమే. దొంగ మొత్తానికి పూచీగా ఆమె మనిషిని పెట్టాలి.

"బండిలోది దొరికిందమ్మా," అన్నాడు. "బయటిది ఒకటి మిగిలింది. వచ్చే శనివారం కూడా నేనే ఎక్కుతాను."

మర్నాడు చీలిక పట్టుకుని దూసరిగుడ వెళ్లాడు. యర్రమ్మ ఇంటి అరుగు మీద చోళ్లు చెరుగుతోంది. జరిగింది ఉన్నదున్నట్టు చెప్పి, రెండో చోట ఆగకుండా మీ వెదురు విరిచేశాను, తప్పయిపోయింది అన్నాడు. ఆమె చేట కింద పెట్టింది.

"రెండో సోటేటి?" అంది.

మలుపు సంగతి మళ్లీ చెప్పాడు. యర్రమ్మ లేచి లోపలికి వెళ్లి, చూరు కింద దాచిన వెదురు తెచ్చి అతని ముందు పడేసింది. నిడుపాటిది. ఎండి గోధుమరంగుకి తిరిగింది. పసుపు ఎప్పుడో పొడిపొడిగా రాలిపోయింది. ఎక్కడా విరగలేదు.

"మాదొకటే అడ్డు, ఇదొకటే ఎదురుకర్ర. ఆ మలుపు కాడ మా ఆడగుంటలు నిలబడరు బాబూ, బండి అగుపడదక్కడ. ఆ కింద ఏ ఊరూ లేదు."

చీలిక మీదికి వంగి చూసింది, చేత్తో ముట్టుకోలేదు. మరి వాళ్లెవరని కామేష్ అడిగాడు. తనకేం తెలుసంది. ఏదైనా మొక్కు చెల్లించాలా, కోడి కొయ్యాలా, ఎంతవుతుందని అడిగాడు. ముసలామె అతన్ని జాలిగా చూసింది.

"అన్నిటికీ ఎంతవుద్దంటావేటి సావుకారీ? ఎవులో అడ్డు ఎట్టినారు. అడ్డు ఎడితే ఆగాల. నువ్వు ఆగనేదు. బేగి ఎల్లి ఆగు."

శనివారం మళ్లీ నిండు లోడు. కొత్త పైపుతో స్టీరింగ్ వెన్నలా తిరుగుతోంది. దూసరిగుడ దాటారు. జోడుమదుములకి ముందు పైనంతా ఎండ. మలుపులో మంచు. పల్లం మొదట్లో బండి ఆపి ఇంజను కట్టెయ్యమన్నాడు కామేష్. మోసెస్ కట్టేసి, చక్రాలకి రాళ్లు పెట్టి వచ్చాడు. కామేష్ పేపరు విప్పి, పచ్చటి చీలికని రోడ్డుకి అడ్డంగా పెట్టాడు. జానెడు పుల్ల, పిల్లలు ఆడుకుని వదిలేసినట్టుంది. చెప్పులు విప్పి దాని ఇవతల నిలబడ్డాడు. మోసెస్ పక్కకొచ్చి టోపీ తీసి, కళ్లు మూసుకుని, తనకి తెలిసిన ప్రార్థన పెదాల మీదే చెప్పుకున్నాడు.

పాట మొదలైంది. ఇంజను లేదు, పంపు లేదు. మొదట తూముల్లోంచి వస్తున్నట్టుండి, తరవాత ఎదురుగా, చెయ్యి చాపితే తగిలేంత దగ్గరగా వచ్చింది. చల్లదనం కామేష్ మొహం మీద ఊపిరిలా తగిలింది. పసుపు వాసన వేసింది. జేబులో చెయ్యి పెట్టబోయి, యర్రమ్మ చూపు గుర్తొచ్చి తీసేశాడు. ఖాళీ చేతులు రెండూ ముందుకి పట్టాడు.

"ఆ రోజు ఆగలేదు," అన్నాడు. "ఇవాళ ఆగాను."

ఎంతసేపు నిలబడ్డారో అతను రాసుకోలేదు. రాసుకోవాలని తట్టలేదు. పాట ఎక్కడ ఆగిందో కూడా తెలియలేదు. మోసెస్ మోచేయి పట్టుకుంటే కిందికి చూశాడు. రోడ్డు మీద చీలిక లేదు. ఎడమపక్క కొండ గట్టు మీద, మనిషి ఛాతీ ఎత్తున, ఎత్తి పట్టుకున్నట్టు రాళ్ల మధ్య ఆనించి ఉంది. ఇద్దరూ నిలబడ్డచోటి నుంచి అడుగు కదలలేదు.

"పోనీమంటారా?" అని గుసగుసగా అడిగాడు మోసెస్.

కామేష్ ఎదురుగా ఉన్న మంచు వైపు చూసి, ఒకసారి తల వంచి, అప్పుడు బండెక్కాడు. మోసెస్ ఎడమ అరచేయి ఒక్కటే ఆనించి మలుపు తిప్పాడు.

ఆ సాయంత్రం జాయ్స్ ఎదురుగా నిలబడి, దొరికిందమ్మా అని చెప్పాడు. ఆమె టీ ఇచ్చింది, అతను కూచుని తాగాడు. ఇంటికొచ్చి పుస్తకం తీసి ముగింపు వేశాడు. పోయినవి: పాత పైపు ఒకటి, ఆయిలు, ఫిల్టరు, బెల్టు, పంపు సామాను, ఒక లోడు అనాస, సరుకు ముందు దించాలన్న నాన్న పాఠంలో సగం. కొత్తగా వచ్చిన ఖర్చు: ప్రతి శనివారం జోడుమదుముల దగ్గర ఇంజను కట్టి కాసేపు ఆగడం, ఇద్దరూ బతికున్నన్నాళ్లు. మిగిలినది: మోసెస్. అడ్డు ఎత్తిన చేతులు ఎన్నో అన్నచోట మాత్రం అంకె వెయ్యలేదు. ఆ గడి ఖాళీగా ఉంచి పుస్తకం మూశాడు.